నేలకు నీడ

అరకులో కాఫీ తోటలోకి అడుగుపెడితే నా కళ్లు ముందు నేల మీదికే పోతాయి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల పాదులు, కింద కాఫీ మొక్కలు, ఆ కింద ఎండుటాకుల పరుపు. ఆకులు కాస్త పక్కకు తీస్తే తడితడిగా నల్లటి మట్టి, అందులో వానపాములు. ఈ కప్పు లేకపోతే ఏటవాలు కొండ మీద మట్టిని నాలుగు వానలు గెడ్డలో కలిపేస్తాయి. పోడు కొట్టిన చోట్ల జరిగింది అదే. వదిలిన పోడు మళ్లీ అడవి కావడానికి వెనుకటి వ్యవధి ఇప్పుడు దొరకడం లేదు.

అయితే ఈ తోటలకూ పరీక్ష వచ్చింది. 2025 ఆగస్టులో అరకు మండలం చినలబుడు పంచాయతీలో కాయ తొలుచు పురుగు బయటపడింది. ఆడ పురుగు కాయ కొసన సన్నటి బెజ్జం చేసి, లోపలి గింజలో గుడ్లు పెడుతుంది. లోపల దాక్కున్న దాన్ని మందు కొట్టి చంపడం కష్టం. అందుకే పురుగు పట్టిన కాయలు కోసి, మరిగే నీళ్లలో ముంచి, గోతిలో పూడ్చారు. కోతలు ముగిశాక కొమ్మకు మిగిలినవీ నేల రాలినవీ ఒక్కటీ వదలకుండా ఏరడమే దీని నుంచి తోటకు అసలు కాపలా. వంగి ఏరే ఆ చేతుల కూలి కాఫీ ధరలో కనిపించాలి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు ముందే పారిస్‌లో అరకు పేరుతో దుకాణం వెలిసింది. ఆ పేరు విలువ తోట దాకా చేరాలి.

సిల్వర్ ఓక్ గురించీ ఒక మాట. ఆస్ట్రేలియా చెట్టు, త్వరగా ఎదుగుతుంది, మిరియానికి మంచి ఆసరా. కానీ కొండంతా అదొక్కటే అయితే అదీ ఏకపంటే. మధ్యమధ్య పనస, నేరేడు, మామిడి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

కొండ దిగితే పరిస్థితి వేరు. గుంటూరు మిరప, పత్తి చేలు ఎండాకాలమంతా బోడిగా మాడుతుంటాయి. ఆ మట్టికి మళ్లీ బలం రావాలని ఎరువుల బస్తాలు పెంచుకుంటూ పోతున్నాం. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో దీనికి ఒక దారి ఉంది. తొలకరికి ముందే, పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం. విత్తనానికి బంకమట్టి, ఘనజీవామృతం పట్టించి ఆరబెడతారు. చిన్నపాటి జల్లుకే మొలిచి నేలను కప్పేస్తాయి. అసలు పంట వేసే నాటికి కొంత పశువుల మేత, మిగతాది పచ్చిరొట్ట. ఈ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారం అందుకున్నవాటిలో ఒకటి.

దిగుబడి తగ్గుతుందేమోనన్న రైతు భయం న్యాయమైనదే. అప్పు తెచ్చి సాగు చేసేవాణ్ణి ఒక్కసారిగా ఎరువులన్నీ మానేయమనడం తగదు. ఎరువుల రాయితీకి పెట్టే ఖర్చులో కొంత, ఈ పద్ధతికి మారే తొలి ఏళ్లలో రైతుకు భరోసాగా ప్రభుత్వం ఇవ్వాలి. మైదానపు రైతు సోదరులకు నా మనవి ఒక్కటే: వచ్చే వేసవిలో పొలమంతా వద్దు, ఒక్క ఎకరంలో నవధాన్యాలు చల్లి చూడండి.