విపత్తు దృశ్యం – కరుణరసం: ‘గాలివాన’ నుంచి వరద వీడియోల దాకా

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన కుంభవృష్టి తరువాత, పాతబస్తీ వీధిలో ఒక మనిషి ప్రవాహంలో కొట్టుకుపోతున్న దృశ్యం ఫోన్లలోనూ వార్తా ఛానళ్లలోనూ పదేపదే కనిపించింది. అతనెవరో, ఆ తరువాత ఏమయ్యాడో చూసినవారిలో ఎక్కువమందికి తెలియదు. ఇటువంటి దృశ్యాలను సమర్థించేవారు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు: అవి సమాజాన్ని హెచ్చరిస్తాయి, చూసినవారిలో జాలిని మేల్కొలుపుతాయి. మొదటిదాన్ని విపత్తు నిర్వహణ నిపుణులు తేల్చాలి. రెండవది సాహిత్యశాస్త్ర పరిధిలోని ప్రశ్న. పరుల దుఃఖాన్ని చూసి చిత్తం కరగడం ఎప్పుడు ఉచితమో మన ఆలంకారికులు వెయ్యేళ్ల కిందటే చర్చకు పెట్టారు.

కరుణరసానికి స్థాయీభావం శోకం. లోకంలో బాధించే శోకం కావ్యంలో ఎట్లా ఆస్వాద్యమవుతుందన్న చిక్కుకు భట్టనాయకుడు ప్రతిపాదించి, అభినవగుప్తుడు సవరించి స్వీకరించిన సాధారణీకరణ సిద్ధాంతం ఒక సమాధానం. రంగస్థలం మీద సీత దుఃఖం ఫలానా స్త్రీ దుఃఖంగా కాక, దేశకాల వ్యక్తి సంబంధాలు తొలగిన శోకంగా సహృదయుని చేరుతుంది. అందువల్ల అతను లేచివెళ్లి ఆమె కన్నీరు తుడవనక్కరలేదు. తుడవనందుకు దోషమూ అంటదు. వీడియోలోని మనిషి విషయంలో ఈ వెసులుబాటు లేదు. అతనికి ఇల్లు ఉంది, పేరు ఉంది, నడకను బట్టి గుర్తుపట్టగల తల్లి ఉండవచ్చు. చూసేవాడు మాత్రం అతన్ని పేరులేని విభావంగానే అందుకుంటాడు, నిట్టూరుస్తాడు, తరువాతి దృశ్యానికి వెళతాడు. అనౌచిత్యాన్ని రసభంగానికి మూలంగా చెప్పిన ఆనందవర్ధనుడు కావ్యాన్ని దృష్టిలో పెట్టుకున్నాడే తప్ప లోకవృత్తాన్ని కాదు. అయినా ఆ మాట ఇక్కడ అరువు తెచ్చుకోదగినదే.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. తుఫాను వర్ణనతో పాటు ఆ కథలో చూపు నడిచే తీరు కూడా పరిశీలించదగినది. రావుగారు మొదట కేవలం చూసేవారు. రైలుపెట్టెలో ఎదురైన ముష్టిమనిషిని ఆయన తన నియమాల ఎత్తు మీద నుంచి అంచనా కడతారు. బిచ్చం వేయకపోవడం కూడా ఆయనకు సిద్ధాంతమే. గాలివాన ముదిరి చిన్న స్టేషనులో చిక్కుకున్నాక ఆ ఎత్తు నిలవదు. ఎవరిని దూరం నుంచి తూచారో ఆమె సాన్నిధ్యమే ఆ రాత్రి ఆయనకు దిక్కవుతుంది. తెల్లవారాక కూలిన టిక్కెట్ల గది దగ్గర ఆమె శవం, ఆమె దగ్గర ఆయన పర్సు కనిపిస్తాయి. కెమెరా ఉండి ఉంటే ఆ పర్సు దగ్గర ఆగేది. అప్పుడది దొంగ శవం. రాత్రి ఆ చేతులు ఒక వణుకుతున్న మనిషిని ఎట్లా ఓదార్చాయో పాఠకునికి తెలుసు కాబట్టి పర్సు సాక్ష్యంగా చెల్లదు. ముష్టిమనిషికి పేరు లేదు. పేరులేనితనం కల్పనలో సాధారణీకరణకు అనుకూలమే. పద్మరాజు ఆ అనుకూలతతో సరిపెట్టుకోక ఆమెకు చొరవనూ చేతివాటాన్నీ దయనూ కలిపి ఇచ్చారు.

అయినా ఈ కథ మీద ఒక అభ్యంతరం నిలుస్తుంది. రావుగారి మనసు విచ్చుకోవడానికి ఒక నిరుపేద స్త్రీ చావవలసి వచ్చింది. ఒకరి మరణం మరొకరి అనుభూతికి సామగ్రి కావడమే వీడియోల మీద చేసే ఆరోపణ అయితే, కథ దాని నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. కల్పిత పాత్ర చావుకు బంధువులు ఉండరన్న తేడా చిన్నది కాదు, అంతే.

బంధువులున్న శోకం కావ్యమైన సందర్భం మూసీ తీరంలోనే ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని తాను మాత్రం బయటపడ్డారు. ఆ అనుభవం నుంచే ‘ఖయామతె సుగ్రా’ అనే ఉర్దూ కవిత పుట్టింది. (తెలంగాణ సాహిత్య చరిత్రలో ఈ రచన భాషాభేదం వల్ల తెలుగు విభాగాల గడప దాటి లోపలికి రాకపోవడం విచారకరం.) పాణిని ప్రత్యక్షంగా చూసినవానికి ‘సాక్షి’ శబ్దాన్ని సాధించాడు. అంజద్ విషయంలో చూసినవాడు, పోగొట్టుకున్నవాడు, చెప్పినవాడు ఒక్కరే కనుక ఆ శోకాన్ని బయటపెట్టే అధికారం గురించిన ప్రశ్నే పుట్టదు. అదే వరద తరువాత తీసిన ఛాయాచిత్రాల్లో కూలిన గోడలు, శిథిలాలు కనిపిస్తాయి. ప్రాణాలు పోతున్న క్షణం వాటికి అందలేదు. అది ఛాయాగ్రాహకుల సంస్కారం కన్నా నాటి యంత్రాల పరిమితి కావడానికే అవకాశం ఎక్కువ.

ఆ పరిమితి ఇప్పుడు లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. కారణం వాన కాదు, లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు. రాళ్ల మీద నిలబడ్డ ఆ పిల్లల చివరి క్షణాల వీడియో టీవీల్లో వచ్చినప్పుడు వారి ఇళ్లలోనూ టీవీలు ఉన్నాయి. అమెరికాలో తుఫానులను వెంటాడేవారు కనీసం తమ ప్రాణాలను పణంగా పెడతారు. 2013 మే 31న ఎల్ రెనో సుడిగాలిలో మరణించిన టిమ్ సమరాస్ పరిశోధన కోసమే దాని దారిలోకి వెళ్లాడు. టీవీలో దృశ్యాన్ని తిప్పితిప్పి చూపేవారు పణంగా పెట్టేది ఏమీ లేదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద మున్నేరు వరదలో తొమ్మిది మంది చిక్కుకుంటే, ఒక జేసీబీ డ్రైవరు వెళ్లి తీసుకొచ్చాడు. అదీ వీడియోగా వ్యాపించింది. ఆ దృశ్యాన్ని చూడటంలో ఇబ్బంది తోచదు. తీరం నుంచి నీళ్లలోకి వెళ్లిన ఒకరు అందులో ఉన్నారు.

దృశ్యం ఏది చూపుతుందో అన్నదానితో పాటు దేనికోసం ఆగదో కూడా విమర్శ గమనించాలి. 1908 వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ముడిమ్యాల వంటి ఊళ్లున్న చేవెళ్ల–మొయినాబాద్ ప్రాంతం వీటి ఎగువన ఉంది. గేట్లు ఎత్తిన రోజున ఫోన్లు పట్టుకుని జనం చేరేది దిగువన, నీరు తెల్లగా దూకే చోట. కూరగాయలకు, పూలకు పేరున్న ఈ ఎగువ నేలలో వడగళ్లు టమాటాను చితకగొట్టినా, నిలిచిన నీటిలో క్యారెట్ కుళ్లినా అది పది సెకన్లలో పట్టే దృశ్యం కాదు. ఆ నష్టానికి వేగం లేదు. పొలం గట్టు మీద నిలబడి వారం రోజులు చూస్తే తప్ప కనిపించదు. ఆ వారం పాటు అక్కడ ఉండేది రైతే.