స్క్రీన్ రీడర్ స్క్రిప్టులు – తెలుగు పాఠం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక:
దృష్టిలోపం గల పరిశోధకునికి తెరపై ఉన్న రచనను వినిపించే సాధనం స్క్రీన్ రీడర్. విండోస్‌లోని సాధారణ ఎడిట్ పెట్టె నుంచి అది మూడు విషయాలు తెలుసుకుంటుంది: పాఠం ఏది, కర్సర్ ఎక్కడుంది, ఎంపిక చేసిన భాగం ఎంత. కొన్ని ఎడిటర్లు సొంతంగా నిర్మించుకున్న పెట్టెలను వాడతాయి. అవి ఈ వివరాలు అందించనప్పుడు స్క్రీన్ రీడర్ మూగబోతుంది. ఆ లోటు తీర్చడానికి రాసేదే స్క్రిప్టు. మాట పలికించినంత మాత్రాన స్క్రిప్టు సఫలమైనట్లేనా అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

రెండు మార్గాలు:
జాస్‌కు సొంత స్క్రిప్టు భాష ఉంది. 2006లో ప్రారంభమైన ఎన్‌విడిఎలో ఒక్కో అనువర్తనానికి పైథాన్‌లో ప్రత్యేక మాడ్యూల్ రాయవచ్చు. మొదటి మార్గం ఎడిటర్‌నే అడగడం. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోని సింటిల్లా పెట్టె, తగిన సందేశం పంపితే పాఠాన్నీ కర్సర్ స్థానాన్నీ తెలుపుతుంది. రెండవది, తెరపై గీసిన దాన్ని బట్టి పాఠాన్ని ఊహించడం. తెరపైకి రాని పంక్తులు ఈ మార్గంలో అందవు.

తెలుగు గీటురాయి:
సింటిల్లా స్థానాన్ని బైట్లలో లెక్కిస్తుంది. యుటిఎఫ్-8లో ఆంగ్ల అక్షరానికి 1 బైటు, తెలుగు సంకేతానికి 3 బైట్లు. "స్త్రీ" ఉచ్చారణలో ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే 6 సంకేతాలు. నిల్వలో 18 బైట్లు. బైట్ల లెక్కనే అక్షరాల లెక్కగా తీసుకొనే స్క్రిప్టు సాధారణ ఆంగ్ల పాఠంలో పొరబడదు; తెలుగులో మొదటి పదంలోనే దారి తప్పుతుంది. అప్పుడు కర్సర్ ఉన్న చోటు ఒకటి, వినిపించేది మరొకటి. ఒక వత్తును దిద్దబోయిన పరిశోధకుడు తన సిద్ధాంతగ్రంథంలో సరైన అక్షరాన్నే చెరిపివేయవచ్చు. మౌనం కంటే ఇది ప్రమాదకరం; మౌనం కనీసం లోపాన్ని దాచదు.

ఊహ మీద ఆధారపడే మార్గానికి తెలుగులో మరో చిక్కు ఉంది. "కి" వంటి రూపంలో హల్లు, గుడి ఒకే గీతగా కలిసిపోతాయి. గీసిన రూపాన్ని తిరిగి సంకేతాలుగా విడదీయడం సులభం కాదు. ఇక యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో తెలుగు రూపాలు రోమన్ సంకేతాల చాటున ఉంటాయి. అక్కడ పాఠాన్ని యథాతథంగా రాబట్టినా వినిపించేది అర్థం లేని రోమన్ అక్షరాలే. సంకేత మార్పిడి లేనిదే స్క్రిప్టు శ్రమ ఫలించదు.

ముగింపు:
తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు శిథిలమైన చోట తాను పూరించిన అక్షరాన్ని గుర్తు పెట్టి చూపుతాడు. స్క్రిప్టు రచయితకూ ఆ నియమం వర్తించాలి: ఊహించిన పాఠాన్ని ఊహగానే వినిపించాలి. చదివేటప్పుడు పూర్తి అక్షరాన్ని, దిద్దేటప్పుడు కోరితే ఒక్కో సంకేతాన్ని పలికే వీలుండాలి. ఎడిటర్ కొత్త రూపంలో వస్తే స్క్రిప్టు చెడిపోవచ్చు. కనుక పాఠాన్ని స్క్రీన్ రీడర్‌కు అందించే ప్రధాన బాధ్యత ఎడిటర్ నిర్మాతదే. అంతవరకు ఏ స్క్రిప్టునైనా ఆంగ్ల వాక్యంతో మాత్రమే పరీక్షించి ఆమోదించడం తగదు. సంయుక్తాక్షరాలున్న ఒక్క తెలుగు పంక్తిలో కర్సర్‌ను ముందుకూ వెనక్కూ నడిపి చూస్తే దాని యోగ్యత తేలుతుంది.