ఊపిరితిత్తులలో చిన్న బుడిపెలు: ఏ యంత్రం మేలు?

"ఎక్స్‌రే పాతబడింది, సి.టి. తీయిస్తే అంతా తెలిసిపోతుంది" అనే మాట ఈనాడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలలో తరచు వినవస్తుంది. భౌతికశాస్త్ర రీత్యా ఇందులో సగం సత్యమే. మిగిలిన సగాన్ని పరీక్షించవలసి ఉన్నది.

1895లో రంట్జెన్ కనుగొన్న కిరణాలు ఛాతీ గుండా పోయి ఫిల్ముపై వేసేది ఒక నీడ. పక్కటెముకలు, గుండె, రక్తనాళాలు అన్నీ ఆ నీడలో ఒకదానిపై ఒకటి పడతాయి. గద్వాల చీరను మడతపెట్టి వెలుగుకు అడ్డంగా పట్టుకొంటే లోపలి మడతలోని చిన్న ముడి కనిపించదు గదా! మడతలు విప్పి పొర పొరా చూస్తే దొరుకుతుంది. 1971లో హౌన్స్‌ఫీల్డు యంత్రం మొదటి రోగి తలను చిత్రించినపుడు చేసినది ఈ విప్పే పనే. నేటి సి.టి. ఛాతీని మిల్లీమీటరు మందం పొరలుగా చూపుతుంది. ఎక్స్‌రేలో సెంటీమీటరుకు లోపలి బుడిపె తరచు తప్పిపోతుంది, సి.టి.లో నాలుగైదు మిల్లీమీటర్లది సైతం చిక్కుతుంది.

సి.టి. పక్షంవారు చూపే ప్రమాణం 2011లో వెలువడిన అమెరికా పరిశోధన. 55–74 ఏళ్ల 53,454 మంది అందులో పాల్గొన్నారు. అందరూ ఏళ్ల తరబడి విపరీతంగా సిగరెట్లు కాల్చినవారే. ఎక్స్‌రే వర్గంతో పోల్చితే తక్కువ మోతాదు సి.టి. వర్గంలో ఊపిరితిత్తుల కేన్సరు మరణాలు 20 శాతం తగ్గాయి. ఇది సామాన్య విషయం కాదు. కాని అదే నివేదికలో మరొక అంకె ఉన్నది: అనుమానాస్పదమని తేల్చిన సి.టి. ఫలితాలలో 96.4 శాతం కేన్సరు కానివి. దీనిని ఉదహరించేవారు అరుదు.

ఇక మన సంగతి. 2019–21 జాతీయ క్షయ సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు నిండినవారిలో సుమారు 31 శాతం మందికి క్షయ క్రిమి సోకి ఉన్నది. సోకిన వారందరికీ వ్యాధి రాదు. అయినా మానిన క్షయ చిన్న బుడిపెలను మిగిల్చి పోవచ్చు. సున్నం పేరుకొన్నవాటిని సి.టి. సాంద్రతను బట్టి పోల్చగలదు. పేరుకొననివి కేన్సరువలెనే కనిపిస్తాయి. అమెరికాలో సిగరెట్లు కాల్చేవారికి వర్తించిన లెక్కను పొగ ముట్టని పాలమూరు కూలీకి అంటగట్టడం శాస్త్రం అనిపించుకోదు.

పెట్ స్కాను తేల్చివేస్తుందని కొందరి నమ్మకం. గ్లూకోజును విరివిగా పీల్చే కణాలను అది చూపుతుంది. చురుకుగా ఉన్న క్షయ బుడిపె కూడా అలాగే పీలుస్తుంది. 8 మి.మీ.కు లోపలిదైతే కేన్సరు కూడా వెలగకపోవచ్చు. ఎం.ఆర్.ఐ.కి హైడ్రోజను కావాలి. గాలితో నిండి నిరంతరం కదిలే ఊపిరితిత్తిలో దాని సంకేతం బలహీనం.

ఎక్స్‌రేను మూలకు నెట్టడమూ తొందరపాటే. లక్షణాలు మాత్రమే అడిగి, ఎక్స్‌రే తీయకపోయి ఉంటే క్షయరోగులలో సుమారు 43 శాతం మంది తప్పిపోయేవారని పై సర్వేయే తేల్చింది. తెమడ పరీక్షతో కూడిన ఎక్స్‌రే మన జిల్లాలలో మొదటి మెట్టుగా ఉండదగినదే. దీర్ఘకాలం పొగత్రాగినవారికి, తెమడలో రక్తం పడేవారికి, ఎక్స్‌రేలో అనుమానపు నీడ ఉన్నవారికి మాత్రం సి.టి.ని వాయిదా వేయరాదు.

సి.టి.లో కనబడిన చిన్న బుడిపె ఏదో తేల్చడానికి మరొక సాధనం ఉన్నది, అది కాలం. 2020లో ఫలితాలు వెలువడిన నెదర్లాండ్స్–బెల్జియం పరిశోధనలో బుడిపె అడ్డుకొలతను గాక ఘనపరిమాణాన్ని లెక్కించి, సందేహం ఉన్నచోట కొంతకాలానికి మళ్లీ సి.టి. తీశారు. తదుపరి పరీక్షలకు పంపవలసి వచ్చినవి నూటికి రెండు స్కానులే. పదేళ్లలో పురుషులలో ఊపిరితిత్తుల కేన్సరు మరణాలు 24 శాతం తగ్గాయి. ఇందులో చిన్న లెక్క ఉన్నది. 6 మి.మీ. గోళం ఘనపరిమాణం రెట్టింపైతే వ్యాసం సుమారు 7.6 మి.మీ. మాత్రమే అవుతుంది. ఈ తేడా ఫిల్ముపై కంటికి ఆనదు, కంప్యూటరు లెక్కకు అందుతుంది. అందుకు మొదటి స్కాను పూర్తి చిత్రాలు డిస్కు రూపంలో ఉండాలి. రోగి చేతికి ఒక ఫిల్ము, ఒక రిపోర్టు ఇచ్చి పంపితే ఆరు నెలల తరువాత పోల్చడానికి ఏమీ మిగలదు. పనికోసం బొంబాయికో పూణేకో పోయే కుటుంబం ఆ డిస్కును అడిగి తీసుకొని, రేషను కార్డుతోపాటు వెంట ఉంచుకోవాలి.