ఆయిలుకు తిరుగుదారి

ట్రాక్ డే కోసం కారు సిద్ధం చేసుకునేవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఏ ఆయిలు పోయాలని. అడగాల్సిన ప్రశ్నే. కానీ టర్బో కారు ముందుకొస్తే నేను మొదట వెతికేది వేరు: పైకి ఎక్కిన ఆయిలు మళ్లీ కిందికి ఏ దారిన దిగుతోంది? ఎక్కించడానికి పంపు ఉంది. దిగడానికి మాత్రం ఆయిలుకు తన బరువే ఆధారం. రేసింగ్ ట్రాక్ మీద ఆ బరువు నేరుగా కిందికి కూడా లాగదు, పక్కకు లాగుతుంది.

మన రోడ్డు కార్లు దాదాపు అన్నిటిలోనూ ఆయిలు క్రాంకు కింది తొట్టిలో నిలిచి ఉంటుంది. మన షెడ్లలో దాన్ని ఆయిల్ చాంబర్ అంటారు. అడుగున ఉన్న స్ట్రైనర్ లోంచి పంపు దాన్ని పీల్చుకుంటుంది. మంచి టైర్లున్న కారు మలుపులో ఒక జీ పక్క బలం తెచ్చుకోగలదు. అప్పుడు భూమి లాగే బలమూ మలుపు నెట్టే బలమూ సమానమై, చాంబర్లో ఆయిలు మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో వేగంగా తిరిగే మొదటి మలుపు చూసినవాళ్లకు తెలుసు, ఆ బలం ఒక్క క్షణంలో వచ్చి పోయేది కాదు. అధిక ఆర్‌పీఎంలో పంపు నిమిషానికి 30 లీటర్లు తోడుతోందనుకుందాం. చాంబర్లో ఉన్న 4 లీటర్లూ 8 సెకన్లలో ఒకసారి పంపు గుండా పోతాయి. అందులో కొంత రిలీఫ్ వాల్వు దగ్గరే వెనక్కి తిరుగుతుంది, నిజమే. అయినా డిప్‌స్టిక్ చూపించే మట్టం ఆగి ఉన్న కారు మట్టమని, నడుస్తున్న ఇంజిన్లో అందులో చాలా భాగం దారిలోనే ఉంటుందని ఈ లెక్క చెబుతుంది.

దారిలో ఉన్న ఆయిలు సమయానికి దిగకపోతే స్ట్రైనర్ గాలి పీలుస్తుంది. క్రాంకుకీ కనెక్టింగ్ రాడ్ బేరింగుకీ మధ్య సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుందేమో. ఆ సందులో నిలిచే ఆయిలు పొరే ఇంజిన్‌ను కాపాడేది. గాలి కలిసిన ఆయిలు బేరింగు మీది బరువు మోయలేదు. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు చాలా కార్లలో ప్రెషరు అర బారుకు అటూ ఇటూగా పడిపోతే గానీ వెలగదు. 6 వేల ఆర్‌పీఎంలో అది వెలిగేసరికి బేరింగు పని అయిపోయి ఉంటుంది.

కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు ఇది పొలం లెక్కలా తోస్తుంది. సాగు కాలువ ఎంత నిండుగా పారినా మురుగు కాలువ పూడిపోతే చేను కుళ్లిపోతుంది. టర్బో ఇంజిన్లో అలాంటి మురుగు దారులు మూడు: హెడ్డు నుంచి చాంబర్‌కు ఒకటి, టర్బో నుంచి చాంబర్‌కు మరొకటి, క్రాంకు గదిలో చేరే గ్యాసు బయటపడే బ్రీదర్ మూడోది.

మొదటిదానికి పెద్ద ఉదాహరణ జపాన్‌లో ఉంది. 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కోసం ఆర్‌బీ26 ఇంజిన్ చేశారు. గ్రూప్ ఏ రేసుల కోసం పుట్టిన కారు అది, 1991, 1992 బాథర్‌స్ట్ రేసుల్లో గెలిచింది. 2.6 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. అంతటి ఇంజిన్‌కూ ట్రాక్ మీద ఎక్కువసేపు అధిక ఆర్‌పీఎంలో ఉంటే హెడ్డులోకి ఆయిలు ఎక్కువగా ఎక్కేది, దిగేది తక్కువ. కింద చాంబర్ వెలితి పడుతుంటే పైన నిండిన ఆయిలు బ్రీదర్ల గుండా బయటికి చిమ్మేది. దాన్ని బాగుచేసినవాళ్లు పెద్ద పంపు ఒక్కటే వేసి ఊరుకోలేదు. హెడ్డుకు ఆయిలు వెళ్లే రంధ్రాల్లో సన్నని రెస్ట్రిక్టర్లు బిగించారు, దిగే రంధ్రాలను వెడల్పు చేశారు, హెడ్డు వెనక నుంచి చాంబర్‌కు వేరే పైపు వేశారు. ఎక్కేది తగ్గించి దిగేది పెంచారన్నమాట. ఇంజిన్ పని నేర్చుకునే ప్రతి కుర్రాడికీ నేను మొదట చెప్పేది ఈ కథే.

రెండో దారి టర్బోది. నిమిషానికి లక్ష చుట్లు దాటే షాఫ్టును ఆయిలు పొరే మోస్తుంది, చల్లబరుస్తుంది కూడా. ప్రెషరుతో లోపలికి వెళ్లిన ఆయిలు బయటికి నురగలా వస్తుంది. అందుకే వచ్చే పైపు వేలు లావు లేకపోయినా పోయే పైపు బొటనవేలంత ఉండాలి. ఎక్కడా కుంగకుండా నిటారుగా దిగాలి, చాంబర్లో ఆయిలు మట్టం కంటే పైన కలవాలి. టర్బో సీళ్లు రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగుల్లాంటి ఇనుప రింగులు. వెనక్కి తన్నిన ఆయిలును అవి ఆపలేవు.

మూడోదాని మీద జనానికి శ్రద్ధ తక్కువ. బూస్టు పెరిగేకొద్దీ పిస్టన్ రింగుల పక్కనుంచి క్రాంకు గదిలోకి జారే గ్యాసు పెరుగుతుంది. మామూలుగా ఆ గ్యాసును ఇన్‌టేక్ మేనిఫోల్డులోని వ్యాక్యూమ్ లాగేస్తుంది. బూస్టులో అక్కడ వ్యాక్యూమ్ ఉండదు, పీసీవీ వాల్వు మూసుకుంటుంది, గ్యాసంతా బ్రీదర్ పైపు గుండా టర్బో ముందుకు పోవాలి. అది సన్నగా ఉన్నా, మడత పడినా, జిడ్డుతో పూడినా క్రాంకు గదిలో ఒత్తిడి లేస్తుంది. ఆ ఒత్తిడికి ఎదురుగా హెడ్డులోంచి, టర్బోలోంచి ఆయిలు దిగలేదు. మూడో దారి మూసుకుంటే మొదటి రెండూ మూసుకున్నట్టే.

ఒక ట్రాక్ డేలో ఒక కుర్రాడి కారు ఐడిల్ మీద నీలి పొగ వదులుతోంది. “అన్నా, టర్బో పోయింది, కొత్తది ఆర్డర్ పెడుతున్నా” అన్నాడు దిగులుగా. పక్కనే ఉన్న మా మెకానిక్ భాయ్ “ఆగు తమ్మీ, ముందు డిప్‌స్టిక్ గుంజి చూడు” అన్నాడు. డిప్‌స్టిక్ అప్పటికే అంగుళం పైకి లేచి ఉంది. బ్రీదర్ హోస్ ఇంటర్‌కూలర్ పైపు కింద నలిగి పలకలా అయిపోయింది. లావుపాటి హోస్ వేరే దారిన తిప్పి బిగించాడు భాయ్. సాయంత్రానికి పొగ పోయింది, పాత టర్బోయే ఉంది. షెడ్డులో ఇలాంటి పనితనం ఉన్నవాళ్లకు మన దగ్గర రావాల్సినంత పేరు రావడం లేదన్నది నా బాధ.

బ్రీదర్ దారిలో క్యాచ్ క్యాన్ పెట్టమంటాను. ఆయిలు ఆవిరి ఇన్‌టేక్‌లో కలిస్తే పెట్రోలు ఆక్టేన్ పడిపోయి నాకింగ్ వస్తుంది, ఇంటర్‌కూలర్ లోపల జిడ్డు పట్టి చల్లబరిచే గుణం తగ్గుతుంది. కానీ మార్కెట్లో మెరిసే డబ్బాలు చాలావరకు ఖాళీ డబ్బాలే. లోపల అడ్డు రేకులు, జాలీ లేకపోతే గ్యాసు ఇటు దూరి అటు పోతుంది. సన్నని నాజిళ్లున్న క్యాన్ అయితే అసలు లేకపోవడమే మేలు. మంచి క్యాన్ ప్రతి సెషన్ తర్వాత ఎంత పట్టిందో కొలిచి రాసుకుంటే, రింగుల ఆరోగ్యం ఇంజిన్ విప్పకుండానే తెలుస్తుంది.

చాంబర్లో స్ట్రైనర్ చుట్టూ గదులు కట్టి, లోపలికే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టించడం తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితమిచ్చే పని. ఆయిలు మట్టం గరిష్ఠ గీత దగ్గర ఉంచుతాను. తయారీదారు చెప్పని ఇంజిన్లో అంతకు మించి పోయను, క్రాంకు తగిలి నురగ లేస్తుంది. ప్రెషరు నిల్వ చేసే అక్యుములేటర్, పంపు తడబడిన కొన్ని సెకన్లు ఇంజిన్‌ను కాపాడుతుంది. డ్రై సంప్ మాటకొస్తే, ఆయిలు తిరుగుదారికి కూడా పంపులు పెట్టడమే అది. 1954 నాటి జాగ్వార్ డీ-టైప్‌లోనే ఉంది. ఖర్చు భరించగలిగితే దానికి సాటి లేదు.

వేడి గురించి ఒక్క మాట. 100 డిగ్రీల దగ్గర ఆయిలుకు ఉన్న చిక్కదనం 130 దగ్గరికి వచ్చేసరికి దాదాపు సగమవుతుంది. 130 కనిపిస్తే నేను వేగం తగ్గించి ఒక రౌండు తిప్పి పిట్‌లోకి వచ్చేస్తాను.

ఇప్పుడు నా కారులో ఆయిలు ప్రెషరు, పక్క జీ బలం, ఆర్‌పీఎం మూడూ ఒకే గ్రాఫులో సెకనుకు 20 సార్లు నమోదవుతాయి. వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ అన్న పాత కొండగుర్తు పెట్టుకుని, జీ లేచిన చోటల్లా ప్రెషరు గీత కుంగిందా అని చూస్తాను. గేజి ముల్లు దాచేసే చిన్న గుంటలు అందులో దొరుకుతాయి. ఈసారి డిప్‌స్టిక్ గొట్టం మీద ఒత్తిడి కొలిచే ఒక మ్యాప్ సెన్సరు కూడా బిగిస్తున్నాం. క్రాంకు గది ఒత్తిడి ఏ మలుపులో, ఎంత బూస్టులో లేస్తోందో తెలిస్తే బ్రీదర్ పైపు ఎంత లావు వెయ్యాలో తేలుతుంది. ఒకటి సరిపోతుందని భాయ్, రెండు కావాలని నేను.