వెనక బెంచీలో టీచరు

దుబాయ్ ప్రైవేటు బళ్లలో అక్కడి విద్యా నియంత్రణ సంస్థ కేహెచ్‌డీఏ తనిఖీలు 2008లో మొదలయ్యాయి. రేటింగుకీ ఫీజు పెంపుకీ ముడి పడ్డాక, ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారంటే గోడలకు కొత్త చార్టులు ఎక్కేవి. చార్టులతో చదువు రాదని టీచర్లకు తెలియదా!

నాకు ముచ్చటేసే పనితనం వేరు. ఓ టీచరమ్మ భిన్నాలు చెబుతుంటే తోటి టీచరు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది. చూసేది పాఠం చెప్పే ఆవిడను కాదు, పక్కనున్న పిల్లాడి పెన్సిలును. వాడు గుండ్రటి రొట్టె బొమ్మకు రెండు నిలువు గీతలు గీసి, మూడు ముక్కలూ సమానమే అనుకున్నాడు. విరామంలో ఇద్దరూ టీ తాగుతూ ఆ గీతల గురించే మాట్లాడుకుంటారు. తప్పుపట్టడం లేదు, నొచ్చుకోవడం లేదు. 2012లో కేహెచ్‌డీఏ ‘వాట్ వర్క్స్’ సభలు పెట్టి, పోటీ బళ్లే కిటుకులు పంచుకునేలా చేసింది. అంతకన్నా ఈ టీ కబుర్లే గట్టివని నా లెక్క.

మర్నాడు టీచరమ్మ క్లాసుకు ఖుబ్జు రొట్టెలు తెచ్చింది, కత్తెరతో సహా.