పెడన అచ్చు, సంక్రాంతి కార్డు

సంక్రాంతికి కార్డులు సొంతంగా చేయడం నాకు బెండకాయతో మొదలైంది. ముదురు కాయని తొడిమ దగ్గర కోసి, రంగులో అద్ది కాగితం మీద ఒత్తితే ఐదు రేకుల పువ్వు పడేది. నాలుగో పువ్వుకల్లా జిగురు కారి రంగు పలచనయ్యేది. చిన్నప్పుడు అత్తయ్యకు పంపినవి ఆ పువ్వులే.

ఇప్పుడు నా దగ్గరున్నది పెడనలో కొన్న టేకు అచ్చు. శ్రీకాళహస్తిలో కలంకారీని కలంతో గీస్తే, మచిలీపట్నం పక్కనున్న పెడనలో అచ్చులతో వేస్తారు. గీతకొక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకూ ఒక్కోటి. కరక్కాయ కషాయంలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు అద్దితే నలుపు తేలుతుంది. కాగితం మీద అదే చేయాలని నాకెంతో ఆశ. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఇనుము కాగితాన్ని తినేస్తుంది. అందుకే పోస్టర్ రంగులు వాడతాను.

మొదటిసారి అచ్చు వేసినప్పుడు ఉసూరుమనిపించింది. అంచులు ముద్దగా పడ్డాయి, మధ్యంతా తెల్లగా ఖాళీ. రంగు పెంచి గట్టిగా గుద్దితే సందులన్నీ పూడిపోయాయి. మళ్ళీ పెడన వెళ్ళినప్పుడు అచ్చులు చెక్కే పెద్దాయన్ని అడిగాను.

"బల్ల మీద ఏం పరిచావమ్మా?"

"ఏమీ పరచలేదండీ."

"మా బల్లల మీద గోనెపట్టాలు ఎన్ని వరసలున్నాయో చూడు. కింద మెత్తగా ఉంటేనే అచ్చు అంతటా ఆనుతుంది."

ఇంటికొచ్చి పాత దుప్పటి నాలుగు మడతలు వేశాను. రంగు స్పాంజికి పట్టించి, దాని మీద అచ్చు అద్దాను. కాగితం మీద నిలిపి, కదలనీయకుండా పిడికిలితో ఒక్క పోటు. లేపితే కాగితం అచ్చుని పట్టుకుని పైకొచ్చి మెల్లగా విడిపోయింది. తీగ వంపులో వెంట్రుకంత గీత కూడా పడింది!

కాగితం మాత్రం నూలుగుడ్డ పీలికల గుజ్జుతో చేసిందే కొంటాను. మిల్లు అట్టని పోగుకు అడ్డంగా మడిస్తే మడత పగులుతుంది. దీనికి ఆ బెడద తక్కువ. ఖరీదెక్కువే, అయినా ఇందులో పొదుపు చేయను.

అత్తయ్యకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పోయిన పండక్కి కార్డు అందగానే ఫోన్ చేసింది. "పువ్వు వెనక్కి కూడా వచ్చిందే అమ్మాయ్, వేలికి తగులుతోంది!" దుప్పటి మెత్తదనానికి కాగితం కాస్త లోపలికి దిగినట్టుంది.

ఈసారి ఆవిడ కార్డుకి కాగితం కొంచెం తడిపి, దుప్పటి ఇంకో మడత వేస్తాను.