ఓరిగామీ మడతల్లో ఒదిగిన సిలికాన్

జపాన్‌లోని సుకుబాలో నడుస్తున్న బెల్ టూ కణ భౌతిక ప్రయోగం గురించి ఎవరు రాసినా ఫలితాల గురించే రాస్తారు. ఆ ఫలితాలకు ఆయువుపట్టయిన సిలికాన్ వెర్టెక్స్ డిటెక్టర్‌నీ, దాన్ని కట్టిన చేతుల్నీ తలచుకునేవాళ్లు తక్కువ.

అక్కడ 7 జీఈవీ ఎలక్ట్రాన్లు, 4 జీఈవీ పాజిట్రాన్లు ఢీకొని బి మీసాన్లనే కణాల జంటలు పుడతాయి. ఆ రెండు కణాలూ విచ్ఛిన్నమయ్యే చోట్ల మధ్య ఎడం సగటున 130 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకల మందం. పదార్థానికీ ప్రతిపదార్థానికీ ఉన్న తేడా తేల్చాలంటే ఆ ఎడాన్ని కొలవాలి. గ్యాస్ నింపిన డిటెక్టర్ల అభిమానులు నొచ్చుకున్నా సరే, ఆ పని సిలికాన్‌కే చేతనవును.

సుమారు 300 మైక్రాన్ల మందమున్న సిలికాన్ పలక, అదే సెన్సర్. ఒక ముఖాన నిలువు స్ట్రిప్‌లు, రెండో ముఖాన అడ్డ స్ట్రిప్‌లు. కణం దూసుకుపోతే ఇరవై వేలకు పైగా ఎలక్ట్రాన్లు విడివడతాయి. ఆ కాస్త విద్యుత్తే కణం ఎక్కడ దాటిందో చెబుతుంది.

పనితనమంతా, జపాన్ కాగితపు మడతల కళ పేరు పెట్టుకున్న ఓరిగామీ కూర్పులో ఉంది. సంకేతాలను చదివే చిప్‌లన్నీ పలక మీదే ఒకే వరుసలో ఉంటే ఒక్క శీతల గొట్టం చాలు, కణాల దారిలో అడ్డు తగ్గుతుంది. అందుకని కింది ముఖపు సంకేతాలను మోసే పల్చని ఫ్లెక్స్ సర్క్యూట్‌ను అంచు చుట్టూ మడిచి పైకి తెచ్చి అతికించారు. చిప్‌లను 100 మైక్రాన్లకు అరగదీశారు. జిగురు ఎక్కువైతే పొంగి, తీగలు అతికించాల్సిన ప్యాడ్ల మీదికి పాకుతుంది, తక్కువైతే వైర్ బాండింగ్ సమయంలో కింద దన్ను ఉండదు. వెంట్రుకకన్నా సన్నని అల్యూమినియం తీగలను అలా లక్షల చోట్ల అతికించడం మాటలా!

ఈ సెన్సర్లను నాలుగు పొరలుగా పేర్చారు, వాటి లెక్క మూడు నుంచి మొదలవుతుంది. మూడో పొర కట్టింది మెల్‌బోర్న్ బృందం, ఐదోది వియన్నా బృందం, ఆరోది జపాన్‌లోని కావ్లి ఐపీఎంయూ సంస్థ. నాలుగో పొర ముంబైలోని మన టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌ది! 2019 నుంచి పనిచేస్తున్న ఈ 172 సెన్సర్లు కణాన్ని పసిగట్టే సామర్థ్యం 99 శాతానికి పైనే. కణం తాకిన సమయాన్ని మూడు నానోసెకన్లలోపు తేడాతో పట్టేస్తాయి. శభాష్ అనకుండా ఎలా ఉండగలం?

ఈ విద్యకు దారి వేసింది 1980లో మ్యూనిక్‌లో చిప్‌ల తయారీ పద్ధతిని డిటెక్టర్లకు మలిచిన యోసెఫ్ కెమ్మర్. 1995లో ఫెర్మీలాబ్‌లో టాప్ క్వార్క్ దొరకడంలోనూ సిలికాన్‌ది పెద్ద చెయ్యి.

మరి మన దగ్గర? ఐఐటీ హైదరాబాద్ బెల్ టూలో భాగస్వామి. అదే హైదరాబాద్‌లో, అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చి, అట్ట మార్చి, బీటెక్ అయిందనిపించుకునే పిల్లలు ఎందరో! ఫిజిక్సు చదివేవాళ్లలోనూ సిమ్యులేషన్‌తో సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువవుతున్నారు. కంప్యూటర్‌లోని సెన్సర్‌కు జిగురు పొంగదు, తీగ తెగదు. తప్పు చెయ్యని చేతికి పని ఎలా వస్తుంది?

కాలేజీల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. పాతదైనా సరే, ఒక వైర్ బాండర్, ఒక మైక్రోస్కోపు కొని పిల్లల ముందు పెట్టండి. పేపర్లు రాసినవాళ్లతో సమానంగా డిటెక్టర్ కట్టినవాళ్లకు ఉద్యోగాలూ పదోన్నతులూ ఇవ్వండి. ఆ మర్యాద దక్కకపోతే రేపటి డిటెక్టర్‌లో ఏ పొరనూ మనది అని చెప్పుకోలేం.